కావడి డబ్బాల నుంచి కువైట్ టవర్స్ దాకా: నది లేని ఊరి నీళ్ళ కథ

ఎండాకాలం కువైట్‌లో గడిపిన వాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. మేడ మీద ట్యాంకు పొద్దంతా కాగి ఉంటుంది. అందుకే రాత్రే బకెట్లు పట్టి పెట్టుకుని, చల్లారిన ఆ నీళ్ళతో పొద్దున స్నానం చేస్తాం. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు "అన్నా, ఇక్కడ హీటర్ ఖర్చు లేదు" అని నవ్వుతారు. మేమూ నవ్వుతాం. కానీ ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయిరా అని అడిగితే మాత్రం చాలామందికి తెలియదు. వాగు లేదు, చెరువు లేదు, ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా ఈ దేశంలో లేదు. మరి దాదాపు అరకోటి మంది రోజూ తాగుతున్నారు, వండుకుంటున్నారు, కడుగుతున్నారు. ఎలా?

మన పనులన్నీ నీళ్ళతోనే. కాంక్రీటు కలిపేవాళ్ళం, స్లాబుకు క్యూరింగ్ పెట్టేవాళ్ళం, ప్లంబర్లం, కార్లు కడిగే డ్రైవర్లం. ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళకైతే పొద్దున లేస్తే నీళ్ళతోనే మొదలు. అందుకని ఈ ఏడాది మన పుస్తకంలో ఈ ఊరి నీళ్ళ చరిత్ర నాలుగు మాటల్లో చెప్పుకుందామని కూర్చున్నాం. ఇది వాళ్ళ చరిత్రే కాదు, చివరికి చూస్తే మనది కూడా.

బావులు, పడవలు, కావడి

కువైట్ మొదట చిన్న రేవు ఊరు. ముత్యాల కోసం సముద్రంలో మునగడం, చేపలు పట్టడం, పడవల మీద వ్యాపారం, ఇవీ బతుకు తెరువులు. ఇక్కడ ఏడాది మొత్తానికి పడే వాన సగటున 110 నుంచి 120 మిల్లీమీటర్లు. కరువు జిల్లా అని పేరుపడ్డ మన అనంతపురంలోనే 550 మిల్లీమీటర్లు పడుతుంది. దాన్ని బట్టి ఇక్కడి సంగతి ఊహించుకోవచ్చు. ఊరి బయట షామియా, హవల్లీ లాంటి చోట్ల లోతు తక్కువ బావులు ఉండేవి. హవల్లీలో తియ్యటి నీళ్ళు పడ్డాయి కాబట్టే ఆ పేరు వచ్చిందని ఇక్కడి పెద్దవాళ్ళు చెప్తారు. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ల మధ్య నడిచేటప్పుడు ఒకప్పుడు ఇది బావుల చోటు అని ఎవరికి తడుతుంది?

ఆ బావుల నీళ్ళు కొద్దిగా తోడితే తియ్యగా ఉండేవి, ఎక్కువ తోడితే ఉప్పెక్కేవి. ఎందుకంటే వాన నీళ్ళు ఇసుకలో పలచటి పొరలాగా ఉప్పు నీళ్ళ మీద తేలుతూ నిలుస్తాయి. పైపొర అయిపోతే కింది ఉప్పు పైకి వస్తుంది. ఊరు పెరిగింది, బావులు చాలలేదు. అప్పుడు పడవలు కదిలాయి. ఉత్తరాన టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసి షత్ అల్ అరబ్ అనే పేరుతో సముద్రంలో కలుస్తాయి. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో కువైట్ వాళ్ళు చెక్క పడవల్లో తొట్లు కట్టి, ఆ నది నీళ్ళు నింపుకుని తెరచాపల మీద తెచ్చేవాళ్ళు. గాలి అనుకూలిస్తే నీళ్ళు వచ్చేవి. గాలి తిరగబడితే పడవ ఆలస్యం, ఊళ్ళో నీళ్ళకు కటకట. 1939లో ఈ పని కోసం ఒక కంపెనీయే పెట్టి, ఒడ్డున ట్యాంకులు కట్టించారు.

రేవు నుంచి ఇంటి దాకా నీళ్ళు ఎలా వెళ్ళేవి? గాడిదల మీద తోలు తిత్తుల్లో వెళ్ళేవి. లేకపోతే మనిషి భుజం మీద వెళ్ళేవి. ఒక కర్ర, రెండు చివరలా రెండు రేకు డబ్బాలు. అచ్చంగా మన కావడే. ఇక్కడ ఆ మనిషిని 'కందరీ' అనేవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఎదురు తీరం ఇరాన్ నుంచి బతకడానికి వచ్చిన వాళ్ళు. అంటే నూనె రాకముందే, ఈ ఊరి దాహం తీర్చిన భుజం వలస వచ్చిన మనిషిది. ఇంకో విశేషం, 1961 దాకా కువైట్‌లో చెల్లింది రూపాయే. దినార్ ఆ తర్వాత వచ్చింది. ఆ కావడి నీళ్ళకు జనం కట్టింది మన అణాలు, రూపాయలే.

ఎడారికి వానంటే ఎంత అలవాటు లేదో చెప్పడానికి 1934 చాలు. ఆ ఏడాది చివర్లో గట్టి వాన పడితే మట్టి ఇళ్ళు వందల కొద్దీ కూలిపోయాయి. ఇక్కడి వాళ్ళు దాన్ని 'కూలిన ఏడు' అనే అర్థం వచ్చే పేరుతో ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. నీళ్ళు లేక ఇబ్బంది పడే ఊరే నీళ్ళు ఎక్కువై కూలింది.

సముద్రాన్ని కాచడం

బుర్గాన్‌లో 1938లో నూనె పడింది. యుద్ధం అడ్డం వచ్చి, ఎగుమతి 1946లో మొదలైంది. డబ్బు వచ్చింది, పని వచ్చింది, పనికి మనుషులు రావడం మొదలైంది. కానీ పడవ నీళ్ళతో ఎంతమందిని బతికించగలరు? 1951లో అహ్మదీ రేవు దగ్గర నూనె కంపెనీ ఒక చిన్న ప్లాంటు పెట్టి సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసింది. 1953లో షువైఖ్‌లో ప్రభుత్వం రోజుకు 10 లక్షల గ్యాలన్ల ప్లాంటు నడిపింది. ఇక్కడి గ్యాలన్ అంటే సుమారు నాలుగున్నర లీటర్లు.

ఇది ఎలా పనిచేస్తుందో కష్టమైన మాటలు లేకుండా చెప్తాం. ఉప్పు నీళ్ళు కాస్తే ఆవిరి పైకి పోతుంది, ఉప్పు అడుగున ఉండిపోతుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే మంచినీళ్ళు. అన్నం గిన్నె మూత మీద నిలిచే చుక్కలు అవే. కానీ ఊరంతటికీ అలా కాచాలంటే ఎంత మంట కావాలి? అక్కడే ఒక తెలివి వాడారు. పెద్ద కొండ మీద గాలి ఒత్తిడి తక్కువ, అందుకే అక్కడ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. అదే సూత్రంతో వరసగా గదులు కట్టి, ఒక్కో గదిలో ఒత్తిడి ముందు గదికన్నా తగ్గిస్తూ పోతారు. ఒకసారి వేడిచేసిన సముద్రపు నీళ్ళు గది గదికీ పోతుంటే, కొత్తగా మంట పెట్టకుండానే ప్రతి గదిలోనూ కొంత ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరిని చల్లార్చేది లోపలికి వచ్చే సముద్రపు నీళ్ళ గొట్టాలే. అలా దాని వేడి కూడా వృథా పోదు. దీన్ని మల్టీస్టేజ్ ఫ్లాష్ అంటారు. ఈ పద్ధతి పెద్ద ఎత్తున నిలబడిన మొదటి చోట్లలో 1960 నాటి షువైఖ్ ఒకటి. తర్వాత గల్ఫ్ దేశాలన్నీ దశాబ్దాల పాటు ఇదే బాట పట్టాయి.

ఇక్కడ వేడి కోసం వాడేది కరెంటు ప్లాంటు నుంచి వచ్చే ఆవిరి. అందుకే షుఐబా, దోహా, జోర్, సబియా, ఎక్కడ చూసినా కరెంటు, నీళ్ళు ఒకే కాంపౌండులో తయారవుతాయి. మనం చూసే ఆ చారల పొగగొట్టాల కింద రెండు పనులూ జరుగుతుంటాయి. నూనె, గ్యాసు మండితేనే ఏసీ తిరుగుతుంది, కుళాయి కూడా పారుతుంది.

అలా వచ్చిన నీళ్ళు మరీ స్వచ్ఛం, రుచి ఉండదు, పైపులను కూడా తినేస్తాయి. కాబట్టి కొద్దిగా భూగర్భ జలం కలిపి, క్లోరిన్ వేసి పంపుతారు. ఉప్పు నీళ్ళు ఎలాగూ పనికిరావా అంటే, కొంచెం ఉప్పగా ఉండే భూగర్భ నీళ్ళకు ఇక్కడ వేరే పైపులే ఉన్నాయి. తోటలకు అవి వాడతారు. కాంక్రీటుకు మాత్రం ఉప్పు పడదు. ఉప్పులోని క్లోరైడ్ లోపలి స్టీలును తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఒక క్యూబిక్ మీటర్ కాంక్రీటుకు సుమారు 160 నుంచి 180 లీటర్ల నీళ్ళు పోతాయి, క్యూరింగ్ వేరే. అంటే ఈ ఊళ్ళో నిలబడ్డ ప్రతి పిల్లర్‌లోనూ, ప్రతి స్లాబులోనూ ఎంతో కొంత కాచి వడబోసిన సముద్రం ఉన్నట్టే.

ఉత్తరాన రౌదతైన్ దగ్గర 1960 ప్రాంతంలో రోడ్డు పని కోసం నీళ్ళ బోర్లు వేస్తుంటే తియ్యటి నీళ్ళు తగిలాయి. దేశమంతా సంతోషపడింది. బాటిళ్ళ మీద ఆ పేరు మనం ఇప్పటికీ చూస్తున్నాం. కానీ అది పాత వానల నిల్వ. తోడేకొద్దీ తరుగుతుందే కానీ ఊరినంతా మోయలేదు. షత్ అల్ అరబ్ నుంచి పైపు వేసే మాట కూడా 1960ల్లో ఇరాక్‌తో ఒప్పందం దాకా వెళ్ళింది, పైపు మాత్రం పడలేదు. పక్కవాడి చేతిలో కుళాయి పెట్టుకోవడం ఎంత ప్రమాదమో ఆ తర్వాత చరిత్రే చెప్పింది.

లెక్కల్లో మనం

1957లో కువైట్ మొదటిసారి జనాభా లెక్కలు తీసింది. మొత్తం 2,06,473 మంది. అందులో 92,851 మంది బయటి దేశాల వాళ్ళు. 1953 నాటి ఆ మొదటి షువైఖ్ ప్లాంటు నీళ్ళను ఇంతమందికి పంచితే తలకు రోజుకు 22 లీటర్లు, ఒక పెద్ద బిందెడు. అదే 1957లో పాత ఊరి చుట్టూ 1920లో కట్టిన మట్టి గోడను పడగొట్టారు. ఊరు గోడ దాటి పారింది. ఆ గోడ ఉన్న దారి వెంబడే ఇప్పుడు ఫస్ట్ రింగ్ రోడ్డు ఉంది, పాత ద్వారాలు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి.

ఆ తర్వాత లెక్కలు చూడండి. 1961లో 3,21,621. 1965లో 4,67,339. ఆ ఏడాదికి కువైటీల కన్నా బయటివాళ్ళే ఎక్కువైపోయారు. 1975లో 9,94,837. 1985లో 16,97,301. ఇప్పుడు 48 లక్షలు దాటింది. అందులో మూడింట రెండు వంతులకు పైగా మనలాంటి వాళ్ళం. భారతీయులమే సుమారు 10 లక్షలు. మొదట పాలస్తీనా, ఇరాన్, ఇరాక్, ఈజిప్టు వాళ్ళు వచ్చారు. 1973 తర్వాత నూనె ధర పెరిగి పనులు ఊపందుకున్నాక మన దేశాల వాళ్ళం పెరిగాం. కడప, రాజంపేట, రాయచోటి, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి ఒకరి వెనక ఒకరు వచ్చారు.

జనం వచ్చారు కాబట్టి నీళ్ళు పెంచారా, నీళ్ళు పెరిగాయి కాబట్టి జనం వచ్చారా? రెండూ నిజమే. ప్లాంటు కట్టడానికి మనుషులు కావాలి, ఆ మనుషులు తాగడానికి ఇంకో ప్లాంటు కావాలి. నది ఒడ్డు ఊళ్ళలో నది ఎంత ఉంటే ఊరు అంత. ఇక్కడ నూనె ఎంత మండితే ఊరు అంత. రోజుకు 10 లక్షల గ్యాలన్లతో మొదలైన దేశంలో ఈ రోజు ప్లాంట్ల శక్తి 60 కోట్ల గ్యాలన్లు దాటింది.

మన ఊళ్ళ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రాయలసీమలో వెయ్యి అడుగుల బోరు వేసి, దుమ్ము తప్ప ఏమీ రాక, ఆ అప్పు తీర్చడానికి వీసా తీసుకున్న వాళ్ళు మనలో ఎంతమందో చేతులెత్తితే తెలుస్తుంది. నీళ్ళు లేవని ఇల్లు విడిచి, అసలు నీళ్ళే లేని దేశానికి వచ్చాం. అక్కడ బోరు ఎండింది, ఇక్కడ కుళాయి ఎండలేదు. తేడా వానలో లేదు. ఖర్చు పెట్టే శక్తిలో ఉంది, దాని వెనక పడ్డ చాకిరీలో ఉంది.

మనం వెళ్ళి ఫోటోలు దిగే కువైట్ టవర్స్ కూడా నీళ్ళ ట్యాంకులే. ఈ మాట చాలామంది నమ్మరు. 1979లో జనానికి తెరిచారు. పెద్దది 187 మీటర్లు. దాని పెద్ద గోళం కింది సగంలో నీళ్ళు, రెండో టవర్ గోళం నిండా నీళ్ళు, రెండూ కలిపితే 9,000 క్యూబిక్ మీటర్లు. మూడోది, సన్నటిది, లైట్ల కోసం. ఊళ్ళో అక్కడక్కడా చారల పుట్టగొడుగుల్లా నిలబడ్డ 31 ట్యాంకులు కూడా ఆ ఏర్పాటులోవే. స్వీడన్ వాళ్ళు గీసిన ఈ నీళ్ళ టవర్లకు 1980లో ఆగాఖాన్ వాస్తుశిల్ప బహుమతి వచ్చింది. వేరే దేశాల్లో రాజులకో, యుద్ధాలకో గుర్తులు కడతారు. కువైట్ తన గుర్తుగా ఒక నీళ్ళ ట్యాంకును పెట్టుకుంది. కావడి రోజులు చూసిన వాళ్ళకే ఆ విలువ తెలుస్తుంది.

కుళాయి ఆగిన రోజులు

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. మన వాళ్ళు సుమారు లక్షా డెబ్బై వేల మంది ఎక్కువగా అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇండియా చేరారు. మన పెద్దల్లో ఆ ప్రయాణం చేసిన వాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళను అడిగితే బస్సుల్లో, శిబిరాల్లో నీళ్ళ బాటిల్ కోసం పడ్డ పాట్లే ముందు చెప్తారు. 1991లో గల్ఫ్ సముద్రంలోకి నూనె వదిలేశారు. తీరం పొడవునా నీళ్ళ ప్లాంట్ల మూతుల దగ్గర తేలే అడ్డుకట్టలు వేసి కాపాడుకోవలసి వచ్చింది. కువైట్‌లో 600కు పైగా నూనె బావులు తగలబడ్డాయి, ఆఖరి మంట ఆరేసరికి నవంబర్ వచ్చింది. నేల మీద నిలిచిన నూనె, మంటలార్పడానికి పోసిన సముద్రపు నీళ్ళు ఇంకి, రౌదతైన్ తియ్యటి నీళ్ళలో కొంత భాగం పాడైంది. వేల ఏళ్ళ వాన దాచిన నీళ్ళను కొన్ని నెలలు పాడుచేశాయి.

దాని పాఠం ఏమిటంటే, ఈ ఊళ్ళో నీళ్ళు అనేవి ఉన్నవి కావు, రోజూ తయారు చేస్తున్నవి. ప్లాంటు ఆగితే ట్యాంకుల్లో నిల్వ ఉన్నంత కాలమే. అందుకే ఇప్పుడు మురుగు నీళ్ళను కూడా వదలడం లేదు. సులైబియాలో 2000 దశకం మధ్యలో మొదలైన ప్లాంటు, మురుగును సన్నటి పొరల గుండా వడబోసి పొలాలకు, తోటలకు ఇస్తోంది. ప్రపంచంలో అలాంటి పెద్ద ప్లాంట్లలో అదొకటి.

కాంక్రీటుకు వచ్చిన నీళ్ళు, మనిషికి రాని నీళ్ళు

ఇప్పుడు మా సైటు మాట ఒకటి చెప్పాలి. పేర్లు వద్దు. కొన్నేళ్ళ కింద ఒక జూలైలో, స్లాబు వేసిన మర్నాడు. క్యూరింగ్ ట్యాంకర్ పొద్దున్నే ఠంచనుగా వచ్చింది, ఎందుకంటే స్లాబు పగిలితే కంపెనీకి నష్టం, ఇంజనీరు మమ్మల్ని అడుగుతాడు. తాగే నీళ్ళ ట్యాంకు మాత్రం ముందు రోజుదే, నీడ లేని చోట, కాగి ఉంది. ఆ వేడి నీళ్ళు గొంతు దిగక కుర్రాళ్ళు తాగడం మానేశారు. పదిన్నర అయ్యేసరికి రాజంపేట వైపు పెద్దాయన ఒకరు షట్టరింగ్ మీద నుంచి దిగుతూ కూలబడిపోయాడు. చెమట ఆగిపోయింది, ఒళ్ళు నిప్పులా ఉంది, మాట తడబడింది. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడి గుడ్డలు వేస్తే ఏమయిందంటే, ఆ తడి గుడ్డలకు కూడా క్యూరింగ్ నీళ్ళే దిక్కయ్యాయి. అంబులెన్స్ వచ్చింది, దేవుడి దయవల్ల బతికాడు. ఊరికి వెళ్ళిపోయాడు, తిరిగి రాలేదు.

తప్పు కంపెనీది అని అనుకోవడం తేలిక. కానీ ఆ పొద్దున సైటులో ఉన్న సూపర్‌వైజర్లం మేమే. స్లాబుకు నీళ్ళు వచ్చాయా అని మూడుసార్లు ఫోన్ చేశాం. మనుషులకు నీళ్ళు వచ్చాయా అని ఒక్కసారీ చూడలేదు. ఆ సంగతి మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం కూడా అదే.

ఈ దేశంలో మనిషికి సగటు నీళ్ళ వాడకం రోజుకు 400 లీటర్లు దాటుతుంది, ప్రపంచంలోనే ఎక్కువ వాడే దేశాల్లో ఇదొకటి. మన దేశంలో జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి పెట్టుకున్న లెక్క 55 లీటర్లు. కానీ ఆ 400లో తోటలున్నాయి, ఈత కొలనులున్నాయి, కార్ల కడుగుడు ఉంది. ఒక బాత్రూమ్‌కు వరస కట్టే ఎనిమిది మంది గది ఆ సగటులో ఎక్కడ ఉంటుందో మనకు తెలుసు. జనం ఎక్కువై నీళ్ళు అయిపోతున్నాయి అనే మాట ఎప్పుడైనా వినిపిస్తే, తల వంచుకోనక్కర్లేదు. మనం తాగేది ఎంత, ఆ నీళ్ళను తెచ్చే పైపుల కోసం మనం తవ్విన కందకం ఎంత?

అలాగని నీళ్ళు పారబోసే హక్కు కూడా మనకు లేదు. ఇక్కడ బిల్లులో వసూలు చేసేది నీళ్ళ తయారీ ఖర్చులో కొంతే. మిగతాది నూనె భరిస్తోంది. గదిలో కారే కుళాయికి వాషర్ వేయడం ఐదు నిమిషాల పని, మన గదుల్లో ప్లంబర్లకు కొదవ లేదు.

ఇక ఎండాకాలానికి నాలుగు మాటలు గుర్తుంచుకోండి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. అది మన కోసమే ఉంది. 2016 జూలైలో ఇదే దేశంలో మిత్రిబా దగ్గర 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ ఎండలో దాహం వేసే దాకా ఆగకూడదు, పావు గంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి. మూత్రం ముదురు రంగులో పోతే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టు. చెమట ఆగి, ఒళ్ళు కాలి, మాట తడబడితే అది మామూలు కళ్ళు తిరగడం కాదు, వెంటనే చల్లార్చి 112కు ఫోన్ చేయాలి. మేస్త్రీలకు, సూపర్‌వైజర్లకు ఇంకొక్క మాట. పొద్దున క్యూరింగ్ ట్యాంకర్ గురించి అడిగే ముందు తాగే నీళ్ళ ట్యాంకు మూత తీసి చెయ్యి పెట్టి చూడండి. నీడలో ఉందా, చల్లగా ఉందా, సాయంత్రం దాకా చాలుతుందా అని చూడండి. మేము ఇప్పుడు అలాగే చేస్తున్నాం.

ఇరాన్ తీరం నుంచి వచ్చిన ఆ కావడి మనిషి పేరు ఏ టవర్ మీదా లేదు. మన పేర్లూ ఉండవు. కానీ ఆయన రెండు డబ్బాలు మోసుకుంటూ ఇంటింటికీ తిరిగినప్పుడు, ముందు తను ఒక గుక్క తాగే ఉంటాడు. మోసేవాడు దాహంతో పడిపోతే ఊరికి నీళ్ళు చేరవని ఆయనకు తెలిసే ఉంటుంది.